అణువు నుంచి ఔషధం వరకు: చిత్తూరు జిల్లాలో సంశ్లేషిత సూక్ష్మజీవి నిరోధకాల పరీక్షా చరిత్ర

వ్యాససంగ్రహం

సూక్ష్మజీవులను అణచే కృత్రిమ రసాయనాల చరిత్రను సాధారణంగా వాటిని తయారు చేసిన ప్రయోగశాలల చరిత్రగా చెప్పడం పరిపాటి. ఆ చరిత్రను పరీక్షల వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని రెండు కేంద్రాలను ఆధారంగా తీసుకోవడమైనది. మొదటిది మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం. రెండవది తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని రసాయన పరిశోధన. ఒకటి మందుకు తుది పరీక్ష అయిన సమాజాన్నీ, రెండవది తొలి మెట్టు అయిన సంశ్లేషణనూ చూసింది. అణువును ఔషధంగా మార్చేది దాని తయారీ కాదనీ, దానిని అడిగిన ప్రశ్న తగినది కావడమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంశ్లేషిత ఔషధాలు, క్షయ, ఐసోనియాజిడ్, ఆరోగ్యవరం, ఎల్లాప్రగడ సుబ్బారావు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, నిరోధక వలయం.

1. ఉపోద్ఘాతం

ఒక కొత్త సమ్మేళనాన్ని తయారు చేయడం, దానికి సూక్ష్మజీవులను అణచే శక్తి ఉన్నదని చూపడం, దానిని మందుగా రోగి చేతికి అందించడం అనేవి మూడు వేరువేరు పనులు. వీటి మధ్య దూరం ఒక్కొక్కసారి దశాబ్దాలకు విస్తరిస్తుంది. సల్ఫానిలమైడ్‌ను వియన్నాలో పాల్ గెల్మో 1908లోనే తయారు చేశాడు. అది బాక్టీరియాను అణచగలదని లోకానికి తెలిసింది 1935లో. ఈ మధ్యకాలంలో మొదటి ప్రపంచయుద్ధం జరిగింది. గాయాలు చీముపట్టి మరణించిన సైనికులకు పనికి రాగల పదార్థం రసాయన గ్రంథాలలో నమోదై ఉండి కూడా వారికి అందలేదు. దానిని తయారు చేయడం తెలియకపోవడం ఇందుకు కారణం కాదు. దానిని ఆ ప్రశ్న అడిగినవారు లేకపోవడమే కారణం.

పాల్ ఎర్లిక్, సహాచిరో హటా 1909లో ఆర్సెనిక్ సమ్మేళనాలను వరుసగా జంతువులలో పరీక్షించి, సుఖవ్యాధికి సల్వార్సాన్‌ను గుర్తించినప్పుడు ఒక పద్ధతి స్థిరపడింది. అనేక సమ్మేళనాలను తయారు చేయాలి, రోగగ్రస్త జంతువులో ఒక్కొక్కదానినీ పరీక్షించాలి, సూక్ష్మజీవికి హాని చేసే మోతాదుకూ రోగికి హాని చేసే మోతాదుకూ మధ్య ఎంత వ్యత్యాసం ఉన్నదో కొలవాలి. ఆ తరువాత వచ్చిన ప్రతి సంశ్లేషిత ఔషధమూ ఏదో ఒక రూపంలో ఈ మార్గంలోనే నడిచింది. ఈ మార్గంలోని రెండు కొసలను ఒకే జిల్లాలో చూడగలగడం చిత్తూరు చరిత్రలోని విశేషం.

2. ఆరోగ్యవరం: మందు లేని కాలం

ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను విడదీసి 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. కడప నుంచి వచ్చిన తాలూకాలలో మదనపల్లె ఒకటి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, పొడిగాలి గల ఈ ప్రాంతం 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. దక్షిణ భారతంలోని పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో ఇక్కడ యూనియన్ మిషన్ క్షయ శానటోరియానికి నాంది పలికాయి. 1915లో అది పట్టణం వెలుపల ఇప్పటి స్థలానికి చేరింది. ఆ ఆవరణకే ఆరోగ్యవరం అనే పేరు స్థిరపడింది. డెన్మార్క్ దేశస్థుడైన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మొల్లర్ దానికి తొలి వైద్యాధికారి.

ఆ కాలంలో క్షయకు మందు లేదు. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, బలవర్ధకమైన ఆహారం, నెలల తరబడి పర్యవేక్షణ అనేవే చికిత్స. కొందరు రోగులకు ఛాతీలోకి గాలిని ఎక్కించి, వ్యాధి సోకిన ఊపిరితిత్తిని కుదించి, దానికి విశ్రాంతి కల్పించేవారు. పడకల సంఖ్య పరిమితం, రోగుల సంఖ్య అపరిమితం. శానటోరియంలో చేరగలిగినవారు అదృష్టవంతులు. చేరలేని కూలీలు, రైతులు, చిన్నపాటి ఉద్యోగులు ఇంట్లోనే ఉండి, ఇంటివారికి వ్యాధిని పంచి మరణించేవారు. కనుక క్షయకు మందు కనుగొనడం ఎంత ముఖ్యమో, ఆ మందు పడక లేనివారికి కూడా పనికి రావడం అంతే ముఖ్యమైన ప్రశ్నగా నిలిచింది.

ఆరోగ్యవరం కేవలం చికిత్సకే పరిమితం కాలేదు. అక్కడి వైద్యులు గమనించినదానిని నమోదు చేశారు, లెక్కగట్టారు, ప్రచురించారు. అక్కడ వైద్యాధికారిగా పనిచేసిన పి.వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. 1948లో భారతదేశంలో బి.సి.జి. టీకా ప్రయోగాత్మకంగా ప్రారంభమైన చోట్లలో మదనపల్లె ఒకటి. క్రిస్టియన్ కుమారుడు యోహన్నెస్ ఫ్రిమోడ్ట్-మొల్లర్ 1950 నుంచి మదనపల్లె పట్టణాన్నీ, చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి క్షయ సర్వేకు పరిధిగా తీసుకున్నాడు. ఆ సర్వేలో 1950 నుంచి 1955 వరకు లభించిన ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురితమయ్యాయి. ఆసుపత్రికి వచ్చిన రోగినే కాక, ఆసుపత్రికి రాని రోగిని కూడా లెక్కలోకి తీసుకోవడం ఈ అధ్యయనంలోని ప్రధానాంశం.

3. క్షయను పోలిన మరో వ్యాధి

ఆరోగ్యవరంలోని నిశిత పరిశీలనకు 1940 నాటి ఒక ఉదాహరణ సంశ్లేషిత ఔషధాల చరిత్రతో ముడిపడి ఉన్నది. దగ్గు, ఆయాసం, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు ఉండి క్షయ రోగులుగా పంపబడిన కొందరిలో క్షయ క్రిములు కనిపించలేదు. వారి రక్తంలో మాత్రం ఇయోసినోఫిల్ కణాలు అసాధారణంగా పెరిగి ఉన్నాయి. ఇది క్షయను పోలిన వేరొక వ్యాధి అని క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మొల్లర్, బార్టన్ ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వివరించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా అనే పేరు పెట్టి, ఆర్సెనిక్ మందులతో తగ్గుతున్నదని తెలిపాడు. ఇది ఫైలేరియా క్రిములకు శరీరం చూపే తీవ్ర ప్రతిస్పందన అని తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి.

ఆర్సెనిక్ స్థానంలో ఈ వ్యాధికి నిలిచిన మందు డైఈథైల్ కార్బమజీన్. దాని మూలం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధనకు సారథ్యం వహించాడు. హెవిట్, కుష్నర్ తదితరులతో కలిసి ఆయన బృందం ఈ పైపెరజీన్ సమ్మేళనం ఫైలేరియాపై పనిచేస్తుందని 1947లో ప్రకటించింది. ఆ పరీక్ష సహజంగా ఫైలేరియా సోకిన పత్తి ఎలుకలలో, కుక్కలలో జరిగింది. ఈ వివరం కీలకమైనది. ఎందుకంటే గాజు గొట్టంలోని సూక్ష్మ ఫైలేరియాలపై డైఈథైల్ కార్బమజీన్ ప్రభావం అత్యల్పం. ప్రాణిదేహంలోని రక్షణ వ్యవస్థ తోడైనప్పుడే అది వాటిని తొలగించగలుగుతుంది. లెడర్లీ బృందం గాజు గొట్టంతోనే ఆగిపోయి ఉంటే ఆ మందు బయటపడేది కాదు. ఒక తెలుగు ఊరిలో గుర్తింపు పొందిన వ్యాధికి, ఒక తెలుగు శాస్త్రవేత్త నాయకత్వంలో, మరో ఖండంలో మందు లభించింది. ఇది యాదృచ్ఛికమే అయినా, వ్యాధి గుర్తింపూ ఔషధ పరీక్షా ఒకదానికొకటి ఎంత అవసరమో దీనివల్ల స్పష్టమవుతుంది.

4. నలభై ఏళ్లు మరుగున ఉన్న అణువు

మదనపల్లెలో శానటోరియానికి అంకురార్పణ జరిగిన 1912లోనే ప్రాగ్ నగరంలో హన్స్ మేయర్, యోసెఫ్ మాలీ అనే రసాయనవేత్తలు పిరిడిన్ ఆమ్లాల హైడ్రజైడ్‌లను తయారు చేశారు. వాటిలో ఐసోనికోటినిక్ ఆమ్ల హైడ్రజైడ్ ఒకటి. నేడు దాని పేరు ఐసోనియాజిడ్. తయారు చేసినవారి దృష్టి రసాయన శాస్త్రానికే పరిమితం. దానికి క్షయతో సంబంధం ఉన్నదని ఊహించడానికి ఆనాడు ఆధారమేదీ లేదు. ఆరోగ్యవరంలో గాలి, విశ్రాంతి, ఆహారం తప్ప వేరే ఆయుధం లేని దశాబ్దాలన్నింటా ఆ అణువు గ్రంథాలయాలలో ఒక పేరుగా మిగిలిపోయింది.

1940లలో పరిస్థితి మారింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ వెలుగులోకి వచ్చింది. అది సూక్ష్మజీవి నుంచి లభించిన పదార్థం. స్వీడన్‌లో యోర్గెన్ లేమన్ ప్రతిపాదించిన పారా అమినో సాలిసిలిక్ ఆమ్లం, అంటే పి.ఎ.ఎస్., పూర్తిగా సంశ్లేషితం. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ బృందం థయోసెమికార్బజోన్‌లను పరీక్షించి థయాసెటజోన్‌ను ముందుకు తెచ్చింది. ఈ సమ్మేళనాలను మరింత మెరుగుపరచాలన్న ప్రయత్నంలో హాఫ్‌మన్ లా రోష్ సంస్థలోని రసాయనవేత్తలు పిరిడిన్ కేంద్రకం గల థయోసెమికార్బజోన్‌ను తయారు చేయబూనారు. ఆ మార్గంలో నడుమ లభించిన పదార్థం ఐసోనియాజిడ్. దానిని కూడా పరీక్షకు పంపారు. చేరదలచిన గమ్యం కంటే దారిలో దొరికిన పదార్థమే ఎన్నోరెట్లు శక్తిమంతమని తేలింది. బాయర్, స్క్విబ్ సంస్థలు కూడా దాదాపు అదే సమయంలో ఇదే నిర్ధారణకు వచ్చాయి. 1952లో ఆ వార్త లోకానికి తెలిసింది. 1912 నుంచే తెలిసిన పదార్థం కనుక దానిపై ఏ సంస్థకూ ఉత్పత్తి పేటెంట్ దక్కలేదు. ఫలితంగా ధర తగ్గింది. పేద దేశాల క్షయ చికిత్సకు అది వెన్నెముక కావడానికి ఇది ఒక ముఖ్యకారణం.

5. శానటోరియం నుంచి ఇంటికి

మందు దొరికిన తరువాత కూడా రెండు చిక్కులు మిగిలాయి. ఏ మందునైనా ఒంటరిగా ఇస్తే కొద్ది నెలలలోనే దానికి లొంగని క్షయ క్రిములు ప్రబలుతున్నాయి. కనుక కనీసం రెండు మందులను జోడించి, ఏడాదికి తగ్గకుండా ఇవ్వవలసి వచ్చింది. అన్ని నెలలు రోగిని ఎక్కడ ఉంచాలన్నది రెండవ చిక్కు. లక్షలాది రోగులకు శానటోరియం పడకలు సమకూర్చడం దేశానికి అసాధ్యం.

ఈ ప్రశ్నను నియంత్రిత పరీక్షగా మలచినది మద్రాసు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో అక్కడ క్షయ రసాయన చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఇరువర్గాలకూ ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్. ఏడాది పాటు ఇచ్చారు. ఒక వర్గం శానటోరియంలో ఉన్నది. మరొక వర్గం ఇరుకైన తమ ఇళ్లలోనే, తక్కువ ఆహారంతో, ఎక్కువ శ్రమతో ఉన్నది. 1959లో వెలువడిన ఫలితం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచింది. ఇంటి చికిత్స శానటోరియం చికిత్సకు దాదాపు సాటిగా నిలిచింది. ఇంట్లోని వారికి వ్యాధి సోకే ముప్పు కూడా అందువల్ల పెరగలేదు. గాలి, విశ్రాంతి, ఆహారం అనే పాత త్రయం కంటే క్రమం తప్పకుండా మింగే మాత్రలే నిర్ణాయకమని రుజువైంది.

ఈ ఫలితం ఆరోగ్యవరం వంటి సంస్థల ఉనికికే ప్రశ్న అయింది. అయినా ఆ సంస్థ ఇంటి చికిత్సను తన పరిశోధనాంశంగా స్వీకరించింది. మద్రాసు పరీక్ష నగరానికి చెందినది. ఆసుపత్రికి దూరంగా ఉండే పల్లెల మాటేమిటన్న ప్రశ్న మిగిలి ఉన్నది. గ్రామీణ సమాజంలో ఇంటి వద్ద మందుల చికిత్స ప్రభావాన్ని గురించి ఫ్రిమోడ్ట్-మొల్లర్, ఆచార్యులు, కేశవ పిళ్లై రచించిన నియంత్రిత అధ్యయనం 1981లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అనుబంధ సంచికలో వెలువడింది. ఒక రోగిపై మందు పనిచేయడం వేరు, ఒక ప్రాంతంలో వ్యాధిపై మందు పనిచేయడం వేరు. ఈ రెండవ పరీక్షకు మదనపల్లె పల్లెలు వేదిక అయ్యాయి. కాలక్రమంలో శానటోరియం సాధారణ వైద్యసేవలకు విస్తరించి ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా మారింది.

మనుషులలో జరిగే పరీక్ష గాజు గొట్టం చెప్పలేని సంగతులను కూడా బయటపెట్టింది. కొందరి దేహం ఐసోనియాజిడ్‌ను త్వరగా నిర్వీర్యం చేస్తుంది, మరికొందరిలో ఆ ప్రక్రియ నెమ్మది. వారానికి ఒక్కసారి మాత్రమే మందు ఇచ్చే పద్ధతిలో మొదటి వర్గానికి ఫలితం తక్కువగా ఉన్నదని మద్రాసు అధ్యయనాలు గుర్తించాయి. పి.ఎ.ఎస్.ను రోజూ గ్రాముల కొద్దీ మింగవలసి రావడంతో రోగులు దానిని మధ్యలోనే మానేసేవారు. మందు తీసుకుంటున్నారో లేదో తెలుసుకోవడానికి మూత్ర పరీక్షలు, ముందుగా చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కించడం అవసరమయ్యాయి. రోగి ఓపిక కూడా ఔషధ గుణంలో భాగమేనని ఈ అనుభవం నేర్పింది.

6. తిరుపతి: సంశ్లేషణ వైపు కొస

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. మదనపల్లెకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో, జిల్లాకు మరో కొసన, అణువుల నిర్మాణానికి ఒక కేంద్రం అలా ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో అక్కడి రసాయనశాస్త్ర శాఖలో రెండు పరిశోధన ధారలు ప్రత్యేకంగా గుర్తింపు పొందాయి. డి. భాస్కర్ రెడ్డి, ఆ తరువాత వి. పద్మావతి బృందాలు సల్ఫోన్ సమ్మేళనాల నుంచి పైరజోల్, ఐసాక్సజోల్, థయాడయజోల్ వంటి విషమచక్రీయ నిర్మాణాలను రూపొందించాయి. సి. దేవేంద్రనాథ్ రెడ్డి, సి. సురేష్ రెడ్డి బృందాలు సేంద్రియ ఫాస్ఫరస్ సమ్మేళనాలపై, ముఖ్యంగా ఫాస్ఫరస్ గల వలయాలపై, ఆల్ఫా అమినో ఫాస్ఫొనేట్‌లపై కృషి చేశాయి.

ఫాస్ఫరస్‌ను ఎన్నుకోవడానికి స్పష్టమైన తర్కం ఉన్నది. అమినో ఆమ్లంలోని కార్బాక్సిల్ సమూహం స్థానంలో ఫాస్ఫోనిక్ ఆమ్ల సమూహాన్ని ఉంచితే, అది చూపునకు అమినో ఆమ్లాన్ని పోలి ఉంటుంది. సూక్ష్మజీవి ఎంజైము దానిని తన సహజ పదార్థంగా భ్రమించి పట్టుకుంటుంది, పట్టుకొని స్తంభిస్తుంది. 1970లలో రోష్ సంస్థ రూపొందించిన అలాఫాస్ఫాలిన్ ఇందుకు ఉదాహరణ. పెప్టైడ్ రూపంలో బాక్టీరియా లోపలికి ప్రవేశించి, అక్కడ విడిపోయి, కణకవచ నిర్మాణానికి అవసరమైన అలనిన్ రాసిమేజ్‌ను అది అడ్డుకుంటుంది. ఆల్డిహైడ్, అమీన్, ఫాస్ఫైట్ అనే మూడింటిని ఒకే పాత్రలో కలిపే కబాచ్నిక్-ఫీల్డ్స్ చర్య ఈ కుటుంబానికి చెందిన అణువులను తయారు చేయడానికి అనువైన మార్గం. ఒక్కొక్క అంశాన్ని మార్చుతూ పోతే తక్కువ వ్యయంతో పదుల కొద్దీ కొత్త సమ్మేళనాలు లభిస్తాయి. పరిమిత వనరులు గల విశ్వవిద్యాలయానికి ఇది తగిన ఎంపిక.

ఇలా లభించిన సమ్మేళనాలను జీవశాస్త్రజ్ఞుల సహకారంతో అగార్ పళ్లెంపై పరీక్షించడం ఆనవాయితీ. స్టాఫిలోకాకస్ ఆరియస్, బాసిల్లస్ సబ్టిలిస్, ఎస్చెరీషియా కోలై, క్లెబ్సియెల్లా న్యుమోనియే వంటి బాక్టీరియాలు, ఆస్పర్జిల్లస్ నైగర్ వంటి శిలీంధ్రాలు ఇందులో పరీక్షా జీవులు. క్లోరాంఫెనికాల్, కీటోకొనజోల్ వంటివి పోలికకు ప్రామాణికాలు. సమ్మేళనం చుట్టూ సూక్ష్మజీవి పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. నిర్మాణంలోని ఏ మార్పు ఏ ఫలితాన్నిస్తున్నదో అన్న తొలి సూచన దీనివల్ల లభిస్తుంది. ఇదే పద్ధతి దేశంలోని అనేక రసాయన శాఖలలో పరిశోధన పట్టాలకు పునాది.

7. వలయం చెప్పేది, చెప్పనిది

ఆరోగ్యవరం చరిత్ర ఈ నిరోధక వలయాన్ని ఎలా చదవాలో నేర్పుతుంది. ఐసోనియాజిడ్‌ను కొత్త సమ్మేళనంగా భావించి, పైన చెప్పిన జీవుల పట్టికతో ఈనాడు పరీక్షిస్తే ఏమవుతుంది? వలయం ఏర్పడదు. ఐసోనియాజిడ్ ప్రభావం మైకోబాక్టీరియాలకే పరిమితం. క్షయ క్రిమిలోని కాట్‌జి అనే ఎంజైము దానిని క్రియాశీల రూపంలోకి మార్చినప్పుడే అది పనిచేస్తుందని 1992లో తేలింది. అంటే కోట్ల మంది ప్రాణాలను నిలిపిన అణువు, సాధారణ పట్టిక ప్రకారం 'చర్యారహితం' అన్న గడిలో చేరిపోతుంది. డోమాక్ కనుగొన్న ప్రాంటోసిల్ గాజు గొట్టంలో బాక్టీరియాను అణచలేదు. ఎలుకలో సల్ఫానిలమైడ్‌గా విడిపోయి అణచింది. పిరజినమైడ్ తటస్థ మాధ్యమంలో దాదాపు నిష్ఫలం, ఆమ్ల మాధ్యమంలో సఫలం. దాని విలువ కూడా ఎలుకలలోనే తెలిసింది.

దీనికి విపర్యయం కూడా సత్యమే. వలయం ఏర్పడినంత మాత్రాన ఔషధం లభించినట్లు కాదు. 1966లో బాయర్, కర్బీ, షెరిస్, టర్క్ ప్రామాణీకరించిన డిస్క్ పద్ధతి ఉద్దేశం వేరు. రోగి నుంచి సేకరించిన క్రిమి, అప్పటికే తెలిసిన మందుకు లొంగుతుందో లేదో చెప్పడం దాని పని. కొత్త అణువులను వాటి శక్తిని బట్టి వరుసలో నిలపడానికి అది ఏర్పడలేదు. వలయం వ్యాసం అణువు శక్తిపై మాత్రమే కాక, అగార్‌లో అది వ్యాపించే వేగం, నీటిలో కరిగే గుణం, అగార్ మందం వంటి వాటిపై కూడా ఆధారపడుతుంది. ప్రామాణిక డిస్క్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాములు, క్లోరాంఫెనికాల్ 30 మైక్రోగ్రాములు ఉంటాయి. కొత్త సమ్మేళనాన్ని 100 మైక్రోగ్రాములు వాడి, రెండు వలయాలూ సమానమని ప్రకటించడం తూకం తేడా గల పోలిక. కనుక కనిష్ఠ నిరోధక గాఢతను కొలవడం, ద్రావణిని విడిగా పరీక్షించడం, మానవ కణాలకు కలిగే హానిని అదే సమ్మేళనానికి నిర్ధారించడం అనివార్యం. ఎర్లిక్ కోరిన నిష్పత్తి ఈ మూడవ అంశంలోనే ఉన్నది. మనిషి కణాన్నీ బాక్టీరియానూ సమానంగా చంపే పదార్థం క్రిమిసంహారిణి కావచ్చు, ఔషధం కాలేదు.

పరిమిత వనరులతో కూడా పట్టికను విస్తరించవచ్చు. వ్యాధికారకం కాని, త్వరగా పెరిగే మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్‌పై జరిపిన పరీక్షల నుంచే క్షయకు కొత్త మందు బెడాక్విలిన్ బయటపడింది. దానికి 2012లో అమెరికాలో అనుమతి లభించింది. అయితే ఆ జీవి కూడా సర్వపరీక్ష కాదు. పిరజినమైడ్‌ను అది పట్టుకోలేదు. ఏ ఒక్క పరీక్షా అన్ని ఔషధాలనూ గుర్తించలేదు కనుకనే, ఏ వ్యాధికోసం, ఏ జీవిపై, ఏ పరిస్థితిలో పరీక్షిస్తున్నామో ముందుగా నిర్ణయించుకోవలసి ఉంటుంది.

8. ముగింపు

చిత్తూరు జిల్లా ఒక కొసన ఇతరులు తయారు చేసిన అణువులకు సమాజంలో తుది పరీక్ష జరిపింది. మరో కొసన సొంత అణువులను తయారు చేసి తొలి పరీక్ష జరిపింది. ఈ రెండు కొసల నడుమ ఉండవలసిన మెట్లు, అంటే విషప్రభావ నిర్ధారణ, జంతు పరీక్ష, దేహంలో మందు గతి, మానవ పరీక్షల తొలి దశలు, ఖర్చుతోనూ సంస్థాగత సహకారంతోనూ కూడిన పనులు. అవి ఒక్క జిల్లాకు మాత్రమే పరిమితమైన లోటు కాదు. విశ్వవిద్యాలయ సంశ్లేషణ అంతటా ఎదుర్కొంటున్న అవరోధం ఇది. మందులకు లొంగని క్షయ, ఇతర బాక్టీరియా వ్యాధులు పెరుగుతున్న నేటి కాలంలో ఆ అవరోధం విలువను రోగులే చెల్లిస్తున్నారు.

సల్ఫానిలమైడ్ ఇరవై ఏడేళ్లు, ఐసోనియాజిడ్ నలభై ఏళ్లు ప్రశ్న కోసం వేచి ఉన్నాయి. తిరుపతి ప్రయోగశాలల సీసాలలోనూ, సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలోనూ నిలిచి ఉన్న సమ్మేళనాలలో ఏది ఎందుకు పనికి వస్తుందో వాటి నిరోధక వలయాలు పూర్తిగా చెప్పలేవు. వాటి నమూనాలనూ, నిర్మాణ వివరాలనూ, చర్యారహితమని తేలిన ఫలితాలనూ సైతం భద్రపరచి, రాబోయే పరీక్షలకు అందుబాటులో ఉంచడం తక్కువ ఖర్చుతో సాధ్యమయ్యే పని. మదనపల్లె పల్లెలలో ఆసుపత్రికి రాని రోగిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. వలయం చూపని అణువును కూడా లెక్కలో ఉంచుకోవడం ఆ వివేకానికి రసాయన ప్రయోగశాలలో సరితూగే ఆచరణ.